శ్రీగిరికి అడవే తొలి ప్రాకారం

శ్రీశైల యాత్రలో శిఖరేశ్వర దర్శనానికి ఒక విశిష్టత ఉంది. భక్తులు అక్కడి నందికి నువ్వులు సమర్పించి, ఆ నంది కొమ్ముల నడుమ నుంచి దూరాన ఉన్న మల్లికార్జునస్వామి ఆలయ శిఖరాన్ని చూడటానికి ప్రయత్నిస్తారు. శిఖరం కంటబడిన వారికి మరుజన్మ ఉండదని పెద్దల మాట. తరతరాలుగా కోట్లాది మంది ఆ కొమ్ముల మధ్య నుంచి కనులు చికిలించి చూశారు. శిఖరం కనబడినవారు ధన్యులయ్యారు. కనబడనివారికి సైతం ఒకటి మాత్రం తప్పక కనబడింది. అది చూపు ఆనినంత మేర పరచుకొన్న నల్లమల అరణ్యం.

స్వామిని చూడాలనుకొన్న చూపు అడవిని దాటి పోవలసిందేనన్న నియమాన్ని మన పూర్వులు ఊరికే ఏర్పరచలేదు. శ్రీశైలంలో అరణ్యం ఆలయానికి పరిసరం మాత్రమే కాదు, ఆలయంలో భాగం. రాతి ప్రాకారం కంటె ముందుగా క్షేత్రాన్ని చుట్టి నిలిచిన తొలి ప్రాకారం అదే. ఈ సత్యాన్ని నేడు గుర్తుచేసుకోవలసిన అవసరం వచ్చింది. క్షేత్రానికి మరింత భూమి కావాలని, దారులు మరింత వెడల్పు కావాలని, రాత్రివేళ సైతం రాకపోకలు సాగాలని కోరికలు బలపడుతున్నాయి. ఈ కోరికల వెనుక భక్తుల నిజమైన ఇబ్బందులున్నాయి. అయితే వాటిని తీర్చే ప్రయత్నంలో తొలి ప్రాకారాన్నే పడగొడుతున్నామా అన్నది మనముందున్న ప్రశ్న.

పేరులోనే పర్వతం

తెలుగునాట ఎన్నో కొండలమీద దేవాలయాలున్నా, కొండపేరే దైవం పేరై చరిత్రకెక్కిన ఘనత శ్రీపర్వతానిది. శాతవాహనుల నాటి నాసిక్ శాసనం గౌతమీపుత్ర శాతకర్ణి ఏలుబడిలోని పర్వతాలను పేర్కొంటూ శ్రీపర్వతాన్ని కూడ స్మరించినట్లు చరిత్రకారులు గుర్తించారు. ఇక్ష్వాకుల శాసనాల్లో నాగార్జునకొండ లోయను శ్రీపర్వత ప్రాంతంగానే వ్యవహరించారు. విష్ణుకుండిన ప్రభువులు తమను శ్రీపర్వతస్వామి పాదభక్తులుగా చెప్పుకొన్నారు. కర్ణాటకలోని తాళగుంద శాసనం మరింత ఆసక్తికరమైన సంగతి చెబుతుంది. కదంబ వంశ స్థాపకుడైన మయూరశర్మ పల్లవులపై తిరుగుబాటు చేసి, శ్రీపర్వత ద్వారాల వరకు వ్యాపించిన దుర్గమారణ్యాన్ని ఆశ్రయించాడట. అంటే నాలుగవ శతాబ్ది నాటికే శ్రీపర్వతమంటే లోకానికి చొరశక్యం కాని అడవి గుర్తుకు వచ్చేదన్నమాట.

క్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలను సంప్రదాయం నిర్దేశించింది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. పటంమీద ఈ నాలుగు చోట్లను గుర్తించి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఇవి గుడిగోడకు ఉన్న ద్వారాలు కావు, అడవికి ఉన్న ద్వారాలు. ఉమామహేశ్వరంలో గాని త్రిపురాంతకంలో గాని అడుగుపెట్టిన యాత్రికుడు అప్పటికే క్షేత్రప్రవేశం చేసినట్లు లెక్క. ఆపైన నడిచే ప్రతి అడుగూ ప్రదక్షిణమే.

పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమనే భాగాన్నే కేటాయించి శ్రీశైల మహిమను, శివరాత్రికి తరలివచ్చే భక్తసమూహాలను వర్ణించాడు. అలా తరలివచ్చిన వారందరూ కాలినడకన, బృందాలుగా, శివనామస్మరణతో అడవి దాటినవారే. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి సోపానాలు కట్టించాడు. ఆ శతాబ్ది చివరలో విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకు మెట్లు నిర్మింపజేసింది. ఆ ప్రభువులకు బలం లేక కాదు, ధనం లేక కాదు, వారు మెట్లతోనే సరిపెట్టుకొన్నారు. భక్తుని కాలికి ఊతమిచ్చారే గాని అడవిని తొలగించి రాజమార్గం పరచలేదు. ఆలయ ప్రాకార కుడ్యాలమీద నేటికీ నిలిచి ఉన్న శిల్పాలను పరిశీలిస్తే శివలీలలతో పాటు ఏనుగులు, వేటదృశ్యాలు, వన్యమృగాలు బారులు తీరి కనిపిస్తాయి. గోడ కట్టిన శిల్పి గోడవెలుపలి అడవిని మరువలేదు.

చెంచుల ఇంటి అల్లుడు

ఈ అడవికి తొలి పౌరులు చెంచులు. వారికి మల్లికార్జునుడు చెంచు మల్లయ్య. వేటకు వచ్చిన శివుడు చెంచుకన్యను వలచి పెండ్లాడాడన్న కథను ఆధారం చేసుకొని స్వామిని తమ ఇంటి అల్లునిగా భావిస్తారు. ఇదే నల్లమలలో దక్షిణాన వెలసిన అహోబిల నారసింహుడు సైతం చెంచులక్ష్మిని పరిణయమాడాడు. శైవమైనా వైష్ణవమైనా నల్లమలలో దేవునికి అడవితో వియ్యం తప్పలేదు.

మకర సంక్రాంతి బ్రహ్మోత్సవాల్లో శ్రీస్వామి అమ్మవార్ల కల్యాణానికి చెంచు భక్తులను దేవస్థానం ఆహ్వానిస్తుంది. వారు అడవినుంచి తేనె, వెదురుబియ్యం, ఆకులతో అల్లిన బాసికాలు తెచ్చి సమర్పిస్తారు. చూడటానికి ఇది ఒక చిన్న వేడుక. దాని అర్థం మాత్రం చిన్నది కాదు. కల్యాణానికి కావలసిన మంగళద్రవ్యం బజారునుంచి కాక అడవినుంచి రావాలన్నదే ఆ ఆచారం చెప్పే మాట. అడవిలో వెదురు పూయకపోతే, తేనెపట్టు నిలువకపోతే అల్లునికి పెట్టవలసిన కట్నం అత్తవారింట కరవవుతుంది.

కన్నడ సీమనుంచి ఉగాదికి వచ్చే భక్తులదీ ఇటువంటి బంధమే. వారు భ్రమరాంబాదేవిని తమ ఇంటి ఆడపడుచుగా తలచి చీరె సారెలతో వస్తారు. వందల కిలోమీటర్లు నడచి, ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరుకొంటారు. మహాశివరాత్రికి శివదీక్షాపరులు నడిచేది కూడ ఈ దారినే. ఎండకు కాళ్లు బొబ్బలెక్కినా చెప్పులు లేకుండ నడిచే వృద్ధులను ఈ దారిలో ఏటా చూడవచ్చు. శ్రీశైల యాత్ర అంటే అసలైన అర్థం వారికే తెలుసునేమో.

పులుల నడుమ పుణ్యక్షేత్రం

శ్రీశైల క్షేత్రం చుట్టూ ఉన్న అరణ్యం దేశంలోనే మిక్కిలి విశాలమైన పులుల ఆవాసాల్లో ఒకటి. 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైన నాగార్జునసాగర్–శ్రీశైలం అటవీప్రాంతం 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఐదు జిల్లాల్లో 3,568 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించి, దేశంలో అన్నిటికంటె పెద్ద పులుల అభయారణ్యంగా పేరొందింది. 2014 రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాదు అభయారణ్యమైంది. దక్షిణభాగం ఆంధ్రప్రదేశ్‌లో పాత పేరుతోనే కొనసాగింది. నది రెండు రాష్ట్రాలకు హద్దు అయింది గాని పులికి హద్దు కాలేదు.

జాతీయ స్థాయి గణనల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48గా ఉన్న పులుల సంఖ్య 2022 నాటికి 63కు పెరిగింది. ఆ పెరుగుదలకు ప్రధాన ఆధారం నల్లమలే. అదే కాలంలో తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గింది. ఒకే అడవికి ఇరుగట్లా ఉన్న రాష్ట్రాల్లో ఒకచోట పెంపు, ఒకచోట తగ్గుదల కనిపించడం ఈ సంపద ఎంత సున్నితమైనదో తెలియజేస్తుంది. పులి ఉన్నచోట దుప్పి ఉంటుంది, దుప్పి ఉన్నచోట గడ్డి ఉంటుంది, గడ్డీ చెట్టూ ఉన్నచోట వానచినుకు నేలలో ఇంకి వాగై పారుతుంది. కొండమీది కోనేరుల్లో, వాగుల్లో నీరున్నదంటే ఆ పుణ్యం అడవిదే. పులిని కాపాడటమంటే ఒక మృగాన్ని కాపాడటం కాదు, భక్తుడు ఆచమనం చేసే నీటిని కాపాడటం.

అడవిలో వాహనాల రాకపోకలవల్ల మృగాలకు కలిగే ముప్పును తగ్గించడానికి మన్ననూరు, దోర్నాల వైపులనుంచి శ్రీశైలానికి పోయే దారుల్లో రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాకపోకలను నిలుపుచేసే నియమం అమలులోకి వచ్చింది. మహాశివరాత్రి వంటి ఉత్సవాల వేళ సడలింపులుంటాయి. దూరాభారం వచ్చిన యాత్రికులకు ఈ నియమం కష్టంగానే ఉంటుంది. గేటు మూసేలోపు చేరుకోవాలన్న తొందరలో మలుపుల దారిన వేగం పెంచేవారూ ఉన్నారు. కాని ఆలోచిస్తే ఇది కొత్త నియమమేమీ కాదు. ఏకాంతసేవ తరువాత గర్భాలయ ద్వారం మూసివేయడం, సుప్రభాతంతో తెరవడం మనకు అలవాటే. ఆ వేళలో స్వామి విశ్రాంతికి భంగం కలిగించరాదని ఏ భక్తునికీ ఎవరూ చెప్పనక్కరలేదు. తొలి ప్రాకారమైన అడవికి సైతం ఒక ఏకాంతవేళ ఉందని గ్రహిస్తే, గేటు దగ్గర నిరీక్షణ శిక్షగా తోచదు.

దారి వెడల్పయితే కొండ వెడల్పవుతుందా?

ఇప్పుడు రెండు ప్రతిపాదనలు చర్చలో నలుగుతున్నాయి. మొదటిది, హైదరాబాదు–శ్రీశైలం జాతీయ రహదారిపై అమ్రాబాదు అభయారణ్యం మీదుగా స్తంభాలపై ఎత్తైన వంతెనదారి, అంటే ఎలివేటెడ్ కారిడార్, నిర్మించాలన్నది. రెండవది, శ్రీశైల క్షేత్రాభివృద్ధికి అదనంగా అటవీభూమిని కేటాయించాలన్నది. 2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శ్రీశైలాన్ని దర్శించిన తరువాత ఈ రెండవ ఆలోచన మరింత ఊపందుకొంది.

వంతెనదారిని సమర్థించేవారి వాదనలో బలం లేకపోలేదు. వాహనాలు పైన పోతే మృగాలు కింద స్వేచ్ఛగా తిరుగుతాయని, రోడ్డుదాటుతూ చక్రాల కింద పడే ప్రాణులు దక్కుతాయని, రాత్రి నిషేధం అవసరముండదని వారంటారు. పండుగరోజుల్లో గంటల తరబడి ఘాట్‌దారిలో చిక్కుబడిన వృద్ధులను, పసిబిడ్డలను చూసినవారెవరూ ఈ మాటను తేలికగా కొట్టివేయలేరు. అర్ధరాత్రి కొండమీద ఎవరికైనా ప్రాణాపాయం కలిగితే పట్టణపు ఆసుపత్రికి చేర్చవలసిన అగత్యమూ నిజమే.

అయితే తూకంలో రెండవ పళ్లెం కూడ చూడాలి. అడవి నడుమ దాదాపు యాభై, అరవై కిలోమీటర్ల పొడవున స్తంభాలు లేపాలంటే ఏళ్లకొద్దీ యంత్రాల రొద, కంకర, సిమెంటు, వేలాది కూలీల మకాములు తప్పవు. కట్టిన తరువాత మృగాలు కింద తిరగవచ్చుగాక, కట్టే కాలంలో అవి ఎక్కడికి పోవాలి? అన్నిటికంటె మించిన ప్రశ్న మరొకటుంది. దారి వెడల్పయితే కొండ వెడల్పవుతుందా? నేడు చేరుతున్న వాహనాలకే నిలిపే తావు దొరకని చిన్న పీఠభూమిమీదికి రేపు మూడింతల వాహనాలు, అదీ రేయింబవళ్లు, వచ్చి చేరితే గుడిచుట్టూ ఏమవుతుంది? వాహనాలకు తావు కావాలి, వసతికి గదులు కావాలి, గదులకు నీరు కావాలి, చెత్త వేయడానికి మరోచోటు కావాలి. ప్రతి అవసరమూ మళ్లీ అడవినే అడుగుతుంది. మొదటి ప్రతిపాదనకు రెండవ ప్రతిపాదన కవలబిడ్డ కావడంలో ఆశ్చర్యమేముంది?

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ పులుల అభయారణ్యాల కీలక ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. అటవీభూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి తప్పనిసరి. అదే 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టం చెంచుల వంటి అరణ్యవాసుల హక్కులకు గుర్తింపునిచ్చింది. దేవుని పేరిట అడిగినంత మాత్రాన ఈ విచారణలన్నీ తప్పించుకోదగినవి కావు. నిజానికి దేవుని పేరిట అడిగేటప్పుడు విచారణ మరింత నిష్ఠగా జరగాలి.

ఏడుకొండల పాఠం, శబరిగిరి పాఠం

అరణ్యగిరిమీది క్షేత్రాల్లో శ్రీశైలం ఒంటరి కాదు. శేషాచల అరణ్యాల నడుమ వెలసిన తిరుమల మనకు ఒక కఠినమైన పాఠం నేర్పింది. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో ఒక పసివానిపై చిరుత దాడిచేసింది, దైవానుగ్రహంతో ఆ బిడ్డ బ్రతికాడు. అదే ఏడు ఆగస్టు 11 రాత్రి అదే దారిలో ఆరేళ్ల బాలిక చిరుతకు బలైంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం గర్భశోకంతో వెనుదిరిగింది. ఆ తరువాత పిల్లలతో నడిచేవారికి వేళలు నిర్ణయించారు, గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలు ఇచ్చారు, బోనులు పెట్టి చిరుతలను పట్టుకొన్నారు.

ఆనాడు అందరూ చిరుతను నిందించారు. చిరుత మెట్లదారికి ఎందుకు చేరువైందన్న ప్రశ్నకు అటవీ నిపుణులు ఇచ్చే సమాధానం మనవైపే వేలు చూపుతుంది. భక్తులు దారిపక్కన పారవేసే తినుబండారాలకు కుక్కలు, అడవిపందులు మరుగుతాయి. వాటిని వెదకుతూ చిరుత వస్తుంది. మనం విసిరిన ఎంగిలి విస్తరే మృగాన్ని పిలిచిన ఆహ్వానపత్రిక. శ్రీశైలంలో సైతం ఇటీవలి సంవత్సరాల్లో పాతాళగంగ దారి పరిసరాల్లో చిరుతల సంచారం కెమెరాలకు చిక్కింది. ఘాట్‌దారిలో కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసిరి పుణ్యం కట్టుకొన్నామనుకొనేవారు ఆ కోతులను చక్రాలకు ఎర వేస్తున్నారని మరువరాదు.

కేరళలోని శబరిమల పెరియార్ పులుల అభయారణ్యంలో ఉంది. తెలుగువారు లక్షలుగా ఇరుముడి కట్టి వెళ్లే క్షేత్రమది. 1999 జనవరి 14న పంబ వద్ద, 2011లో అదే జనవరి 14న పుల్లుమేడు వద్ద మకరజ్యోతి వేళ జరిగిన దుర్ఘటనలు రెండూ కలిసి నూటయాభైకి పైగా ప్రాణాలను బలిగొన్నాయి. అడవిలో ఇరుకైన చోట అదుపులేని జనం చేరితే ఏమవుతుందో చెప్పే విషాదాలవి. అయితే శబరిమలకు ఒక రక్ష ఉంది. ఆ ఆలయం ఏడాది పొడవునా తెరచి ఉండదు. మండల, మకర కాలాల్లోనూ, మలయాళ మాసాల ఆరంభంలో కొద్దిరోజులపాటూ, కొన్ని విశేష దినాల్లోనూ దర్శనముంటుంది. మిగిలిన కాలమంతా అయ్యప్ప పూంగావనానికి విశ్రాంతే. అక్కడి పవిత్రతను కాపాడటానికి 2011లో పుణ్యం పూంగావనం పేరిట ఆరంభమైన పరిశుభ్రతా ఉద్యమంలో అయ్యప్ప భక్తులే చీపుర్లు పట్టారు.

అంతదూరం పోనక్కరలేదు. మన నల్లమలలోనే సలేశ్వరం ఉంది. లోయలో జలపాతం పక్కన గుహలో వెలసిన ఆ లింగమయ్య దర్శనానికి ఏటా చైత్ర పౌర్ణమి వేళ కొద్దిరోజులు మాత్రమే జాతర జరుగుతుంది. ఏడాదికి ఒకసారే అయినందున భక్తి తగ్గిందని ఎవరూ అనలేరు. శ్రీశైలం నిత్యపూజల క్షేత్రం గనుక దానిని మూసి ఉంచడం తగదు, కుదరదు. అయితే అడవికి విశ్రాంతి అన్న సూత్రం మాత్రం ఆచరణీయమే.

యాత్ర వేరు, విహారం వేరు

ఈ చిక్కులన్నిటికీ మూలం ఒక మాట మారిపోవడంలో ఉందనిపిస్తుంది. ఒకనాడు యాత్ర అన్నది నేడు విహారమైంది. శుక్రవారం సాయంత్రం బయలుదేరి, శనివారం దర్శనం ముగించి, ఆనకట్ట దగ్గర ఫొటోలు దిగి, ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలనుకొనే ప్రయాణంలో అడవి కేవలం ఒక అడ్డంకి. ఎంత త్వరగా దాటితే అంత మేలు. యాత్రలో అలా కాదు. యాత్రలో దూరం కూడ పూజలో భాగమే. దీక్ష, ఉపవాసం, నడక, మౌనం, అడవిలో తోటివారికి నీళ్లందించడం, ఇవన్నీ కలిసి మనిషిని దర్శనానికి సిద్ధంచేస్తాయి. గర్భాలయంలో నిలిచేది కొన్ని క్షణాలే. ఆ క్షణాలకు బలమిచ్చేది దారిలో గడచిన గంటలు. దారిని తుడిచివేస్తే దర్శనం చిక్కిపోతుంది.

అలాగని అందరూ నడవాలని శాసించడం న్యాయం కాదు. వృద్ధులకు, రోగులకు, రోజుకూలి మానుకొని రాలేని పేదలకు బస్సు వరం. మోటారు దారి వచ్చాకనే శ్రీశైలం సామాన్యునికి సులభమైంది. ఆ మేలును కాదనడం అహంకారమే అవుతుంది. అదే సమయంలో నడిచే భక్తులందరూ అడవికి మేలు చేస్తున్నారనుకోవడమూ పొరపాటే. ఉగాది నాటికి నల్లమల ఎండుటాకుల రాశిగా ఉంటుంది. వంటకోసం రాజేసిన పొయ్యి, ఆర్పకుండ విసిరిన చుట్టపీక ఎకరాలకు ఎకరాలు దహించగలవు. నీళ్ల పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు వాగుల్లో పేరుకొంటాయి. కాలినడకైనా కారు ప్రయాణమైనా నియమం లేనిదే యాత్ర కాదు.

చేయదగినవి

మొదటగా, కొండమీదికి పోయే వాహనాల సంఖ్య తగ్గాలి. మన్ననూరు, దోర్నాల వంటి పాదస్థానాల్లోనే సొంత వాహనాలను నిలిపి, అక్కడినుంచి ఆర్టీసీ బస్సుల్లో భక్తులను చేర్చే ఏర్పాటు క్రమంగా చేయవచ్చు. తిరుపతి–తిరుమల నడుమ 2022 నుంచి విద్యుత్తు బస్సులు నడుస్తున్నాయి. అదే పద్ధతి నల్లమలలో మరింత అవసరం. నూరు కార్లలో వచ్చేవారు పది బస్సుల్లో ఒదుగుతారు. రోడ్డు వెడల్పు చేయకుండానే దారి వెడల్పవుతుంది. రాత్రివేళ ప్రాణావసరాలకు అంబులెన్సులను అనుమతించడం, కొండమీద వైద్యసదుపాయాన్ని బలపరచడం వేరుగా చేసుకోవలసినవి. వాటికోసం రాత్రంతా అందరికీ దారి తెరవనక్కరలేదు.

రెండవది, దర్శన టిక్కెట్టుకూ అటవీ తనిఖీకేంద్రానికీ లంకె ఉండాలి. కొండ ఒకరోజుకు ఎందరిని ఆదరించగలదో దేవస్థానం, అటవీశాఖ కూర్చుని తేల్చి, ఆ మేరకే ముందస్తు నమోదు జరగాలి. ఇల్లు కదలకముందే తన వంతు ఏనాడో తెలిసిన భక్తుడు గేటువద్ద నిరాశచెందడు.

మూడవది, భూమి అవసరమైతే ముందుగా చెట్లులేని భూమివైపు చూడాలి. శ్రీశైలం ప్రాజెక్టు నిర్మాణకాలంలో ఏర్పడిన సున్నిపెంట ఊరు క్షేత్రానికి చేరువలోనే ఉంది. ప్రాజెక్టు పనులు ముగిశాక పాతబడిన కట్టడాలు, ఖాళీస్థలాలు అక్కడ ఉన్నాయి. వసతిగృహాలకు, వాహనాల నిలుపుదలకు వాటిని వాడుకొన్న తరువాతనే కొత్తగా అటవీభూమి మాట ఎత్తడం ధర్మం.

నాల్గవది, ఈ అడవిని ఎరిగిన చెంచులకు యాత్రలో గౌరవస్థానం దక్కాలి. పులుల అడుగుజాడలు పసిగట్టే కాపలాదారులుగా ఇప్పటికే వారు అటవీశాఖకు కుడిభుజమై ఉన్నారు. నడకదారిలో యాత్రికులకు మార్గదర్శులుగా, అగ్నిరక్షకులుగా వారిని నియమించి తగిన వేతనమిస్తే అల్లుని ఇంటికి వచ్చే చుట్టాలను అత్తింటివారే దగ్గరుండి తోడ్కొనిపోయినట్లుంటుంది. శివరాత్రి, ఉగాది నడకకు రోజులు, బృందాలు, మజిలీలు ముందే నిర్ణయించి, దారిలో పొయ్యి వెలిగించే అవసరం లేకుండ వండిన అన్నప్రసాదాన్ని ఆకు విస్తళ్లలో అందించాలి.

అయిదవది భక్తుని చేతిలోనే ఉంది. అమ్రాబాదు అభయారణ్యంలో 2024 జూలై నుంచి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. నిషేధాన్ని అమలు చేయవలసింది గేటువద్ద కాదు, మన ఇంట సంచి సర్దుకొనేటప్పుడు. అడవిలో హారన్ మోగించనని, మృగాలకు తిండి వేయనని, దారిలో దిగి కేకలు పెట్టనని, తెచ్చిన చెత్తను తిరిగి తీసుకుపోతానని సంకల్పం చెప్పుకొన్నాకనే బయలుదేరాలి. పూజకు ముందు ఆచమనం, సంకల్పం ఎంత అవసరమో అరణ్యప్రవేశానికి ఈ సంకల్పం అంత అవసరం.

పశుపతి సన్నిధి

శివునికి పశుపతి అన్న నామం ఉంది. సకల జీవులకు ప్రభువన్నది దాని అర్థం. ఆయన కట్టుకొన్నది పులితోలు, అలంకరించుకొన్నది సర్పం, వాహనం వృషభం, చేతిలో లేడి. ఏ రూపంలో ధ్యానించినా మృగసమేతంగానే మనకు సాక్షాత్కరించే దైవం శివుడు. అటువంటి స్వామికి పులిలేని, లేడిలేని, పక్షికూత వినబడని కాంక్రీటు పట్టణం నడుమ బంగారు శిఖరం కట్టినా ఆయన అక్కడ తృప్తిగా ఉంటాడని ఎలా అనుకోగలం?

గుడిలో ఒక రాయి కదిలితే కుంభాభిషేకం చేసి ప్రతిష్ఠ చేయవచ్చు. గోపురం బీటవారితే శిల్పులను పిలిచి సరిచేయవచ్చు. వేల సంవత్సరాలుగా పెరిగిన అడవి ఒకసారి విడిపోతే దానికి జీర్ణోద్ధరణ విధానం ఏ ఆగమంలోనూ లేదు. కనుక శ్రీశైలాభివృద్ధి గురించి నిర్ణయించే పెద్దలు ముందుగా ఒక లెక్క వేసుకోవాలి. ఎన్ని గదులు కట్టాం, ఎన్ని వాహనాలకు తావు చూపాం అన్నది కాదు, తొలి ప్రాకారం ఎంత మేరకు నిలిచి ఉంది అన్నది ఆ లెక్క. రేపటి తరం యాత్రికుడు అడవిదారిన నడచి, కైలాసద్వారం చేరి, అలసిన కాళ్లతో మల్లన్నను చూసి కన్నీరు పెట్టుకోగలిగితే, ఈ తరం తన కైంకర్యాన్ని సక్రమంగా చేసినట్లు. శ్రీ భ్రమరాంబా మల్లికార్జునుల కరుణ మనందరికీ ఆ వివేకాన్ని ప్రసాదించుగాక!